బొమ్మ రాజుగారి గోడ దిగి మన ఇంటి గోడ ఎక్కిన కథ: చెక్కుడు పని, అచ్చు బొమ్మల గురించి

కందుకూరు నుంచి డిగ్రీ చదివే అబ్బాయి అడిగినవి మూడు. చెక్కుడు పని, ముద్రణ వచ్చాక కళ సామాన్యులకి అందింది అని పాఠంలో ఒక్క ముక్క రాసి వదిలేశారు, అసలు ఎలా అందింది? అచ్చు అంటే నకలే కదా, దాన్ని కళ అని ఎందుకంటారు? వాళ్ల అమ్మమ్మ పూజగదిలో ఉన్న పాత లక్ష్మీదేవి పటం రవివర్మ ప్రెస్సుదో కాదో ఎలా తెలుసుకోవాలి?

నాయనా, నెల్లూరులో ట్రెడిల్ మిషన్ మీద శుభలేఖలు కొట్టే రోజుల్లో ప్రెస్సులో చేరి, ఇప్పటి ఆఫ్‌సెట్ అచ్చు మిషన్లు వచ్చేదాకా అన్నీ చూసినవాణ్ని నేను. ఇప్పుడు వేసవి సెలవుల్లో పిల్లలకి లినోకట్, అంటే లినోలియం షీటు చెక్కి అచ్చు తీయడం, నేర్పుతుంటాను. ఈ పనంటే నాకు ప్రాణం, అందుకే జవాబు కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు అసలు మాట చెప్పేస్తా. అచ్చు వచ్చాక బొమ్మ చవకైంది, అందుకే జనానికి అందింది అని అందరూ అంటారు. నిజమే గానీ అది సగమే. అంతకంటే పెద్ద మార్పు, బొమ్మకి డబ్బు పెట్టేవాడు మారిపోవడం. అంతకుముందు చిత్రకారుడు ఒక రాజు కోసమో, ఒక గుడి కోసమో, చర్చి కోసమో గీసేవాడు. ఏం గీయాలో, ఎలా ఉండాలో ఆ డబ్బిచ్చేవాళ్లే చెప్పేవాళ్లు. అచ్చు వచ్చాక ముక్కూ మొహం తెలియని వెయ్యి మంది తలా కాస్త ఇచ్చి కొనుక్కోవడం మొదలైంది, వాళ్లకి ఏం కావాలో ముందే ఊహించి గీసి పెట్టుకోవాల్సి వచ్చింది. ఎవరి కోసం గీస్తున్నామన్నది మారితే ఏం గీస్తామన్నదీ మారుతుంది. కింద నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో సంగతి. చెక్కడం వేరు, అచ్చు తీయడం వేరు. ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు. చెక్కడం మనకి కొత్తేం కాదు. మోటుపల్లి రేవుకి వచ్చే ఓడ వర్తకులకి అభయమిస్తూ కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం మన తీరానిదే. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా రాగిరేకులు, రాతి శాసనాలు సేకరించి 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. మీ కందుకూరుతో పాటు కనిగిరి, దర్శి, పొదిలి, ఒంగోలు తాలూకాల శాసనాలూ అందులోనే ఉంటాయి. తిరగేస్తే తెలుస్తుంది, ఊరూరా ఎంత చెక్కారో. కానీ చెక్కిన రాగిరేకుకి సిరా పూసి కాగితం మీద ఒత్తుదామన్న అవసరం ఎవరికీ పడలేదు. దానమిచ్చిన రాగిరేకుకి ఉన్న బలమంతా అది ఒక్కటే కావడంలో ఉంది మరి. అది ఎవరి ఇంట్లో ఉంటే పొలం వాళ్లది. ప్రతులు పెరిగితే తగాదాలు పెరుగుతాయి తప్ప ఎవరికీ లాభం లేదు. రాతి శాసనమైతే అందరికీ తెలియాలనే వేయిస్తారు, అయినా చదవాలంటే మనిషే రాయి దగ్గరికి నడిచి వెళ్లాలి.

శాసనాలు చదివేవాళ్లు ఆ రాయి మీదినుంచి ప్రతి తీయడం ఎప్పుడైనా చూశావా? చూడకపోతే అవకాశం వచ్చినప్పుడు తప్పకుండా చూడు. రాయిని శుభ్రంగా కడుగుతారు. తడిపిన కాగితం దాని మీద పరిచి, గట్టి వెంట్రుకల బ్రష్‌తో టపటపా కొడుతూ పోతారు. కాగితం కొంచెం కొంచెంగా అక్షరాల గాడుల్లోకి దిగుతుంది, ఎక్కడైనా గాలి బుడగ మిగిలితే మళ్లీ కొడతారు, చిరిగితే ఇంకో ముక్క అతికి కొడతారు. కాస్త ఆరాక సిరా పట్టించిన గుడ్డ బంతితో పైపైన అద్దుతారు. గాడిలోకి దిగిన చోట సిరా తగలదు కాబట్టి అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. ఒలిచి తీశాక, పొదిలి దగ్గర పొలంలో పడి ఉన్న రాయిని మైసూరులో బల్ల ముందు కూర్చున్న పండితుడు చదువుకోవచ్చు. రాయి కదల్లేదు, రాత కదిలింది. చైనా వాళ్లు చాలా పూర్వమే రాళ్ల మీది రాతల నుంచి ఇలా ప్రతులు తీసేవాళ్లు, చెక్క అచ్చుకి దారి వేసిన పనుల్లో అదొకటి. 868లో చెక్క అచ్చుతో వేసిన వజ్రసూత్రం అనే బౌద్ధ గ్రంథం ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తేదీతో సహా దొరికిన అచ్చు పుస్తకాల్లో పాతది అదే, దాని మొదట్లోనే శిష్యులతో కూర్చున్న బుద్ధుడి బొమ్మ ఉంటుంది.

యూరప్‌లో రాగిరేకు చెక్కి అచ్చు తీయడం 15వ శతాబ్దంలో, చాలావరకు కంసాలుల దుకాణాల్లోంచి వచ్చింది. నెల్లూరు ఆచారి వీధిలో నగిషీ చెక్కే పనివాళ్ల దగ్గర కాసేపు నిలబడితే నీకే అర్థమవుతుంది, లోహం మీద గీత అదుపులో పెట్టడానికి చేతికి ఎంత సాధన కావాలో. యూరప్ పనివాళ్లు ఇసుక నింపిన తోలు దిండు మీద రాగిరేకు పెట్టుకునేవాళ్లు. ఉలి పిడి అరచేతిలో ఇమిడి ఉంటుంది. వంపు గీత కావాలంటే ఉలి తిప్పరు, రేకునే తిప్పుతారు. ఆ గాడిలో సిరా నింపి, పైన ఉన్న సిరాని శుభ్రంగా తుడిచేసి, తడి కాగితం పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే, కాగితం గాడిలోకి దిగి సిరాని బయటికి లాగుతుంది. అసలైన రాగిరేకు అచ్చు మీద వేలు పెడితే గీత ఉబ్బుగా తగులుతుంది. చెక్క అచ్చు దీనికి సరిగ్గా తలకిందులు: గీత ఉంచి మిగతాదంతా తవ్వేస్తారు, మిగిలిన గట్టు మీద సిరా పూస్తారు. పెడన కలంకారీ అచ్చులు చూసే ఉంటావు, అదే పద్ధతి.

ఇదంతా కాగితం చవకైతేనే సాగుతుంది. ఆ మాట పాఠాల్లో ఎందుకో చెప్పరు. జర్మనీలో నూరెంబర్గ్ దగ్గర 1390లోనే కాగితం మిల్లు పెట్టారు. ఆ నూరెంబర్గ్‌లోనే ఒక కంసాలి కొడుకుగా 1471లో పుట్టాడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్. తండ్రి దగ్గర బంగారం పని నేర్చి, తర్వాత చిత్రకళలోకి వచ్చాడు. 1498లో బైబిలు చివరి భాగం మీద 15 చెక్క అచ్చు బొమ్మలు వేసి, ఎవరో అడిగితే కాదు, తనే పెట్టుబడి పెట్టి పుస్తకంగా తెచ్చాడు. బొమ్మలు అమ్మడానికి భార్య ఆగ్నెస్ తిరునాళ్లకి వెళ్లేది, ఊళ్లు తిరిగి అమ్మే మనుషుల్ని కూడా పెట్టుకున్నాడు. 1509లో ఫ్రాంక్‌ఫర్ట్ వర్తకుడు హెల్లర్‌కి రాసిన ఉత్తరంలో, ఇంత శ్రమపడి రంగుల చిత్రం వేస్తే గిట్టుబాటు కావడం లేదు, ఇకమీదట చెక్కుడు పనే చేసుకుంటా, మొదటినుంచీ అదే చేసి ఉంటే ఈపాటికి వెయ్యి ఫ్లోరిన్లు ఎక్కువ ఉండేవి అని మొహమాటం లేకుండా చెప్పాడు. అంత గొప్ప చిత్రకారుడు ఒక ధనవంతుడితో ఆ మాట అనగలిగాడంటే, వెనక తిరునాళ్లలో కొనే జనం ఉన్నారన్న ధైర్యమే. నేను పైన చెప్పిన మార్పు ఇదే.

డ్యూరర్ ఖడ్గమృగం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన దేశపు జంతువు. గుజరాత్ సుల్తాన్ పోర్చుగీసు వాళ్లకి కానుకగా ఇస్తే గోవా మీదుగా ఓడలో 1515లో లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని కళ్లారా చూడలేదు. అక్కణ్నుంచి వచ్చిన వర్ణన, ఒక స్కెచ్ పెట్టుకుని గీసి చెక్క అచ్చు వేయించాడు. ఒంటికి ఇనప కవచం తొడిగినట్టు పలకలు గీశాడు, మెడ వెనక లేని చిన్న కొమ్ము ఒకటి పెట్టాడు. అది ఎన్ని ప్రతులు వెళ్లిందంటే, రెండొందల ఏళ్లకి పైగా యూరప్ పుస్తకాల్లో ఖడ్గమృగమంటే అదే. జనానికి అందడం అంటే తప్పు కూడా అంతే వేగంగా అందుతుంది, ఒకసారి వెళ్లాక దిద్దడం చాలా కష్టం.

ఇంగ్లండులో విలియం హోగార్త్ అనే చిత్రకారుడు మరీ ముందుకెళ్లాడు. పల్లె నుంచి లండన్ వచ్చి చెడిపోయిన అమ్మాయి కథ ఆరు బొమ్మల్లో వేసి 1732లో ముందుగా చందాలు కట్టించుకుని అమ్మాడు, వెయ్యి మందికి పైగా కట్టారు. ఏ రాజు ఇంట్లో అలాంటి బొమ్మ అడిగి గీయించుకుంటాడు చెప్పు? కొనేది వీధి జనం కాబట్టి వీధి కథ బొమ్మలోకి వచ్చింది. వెంటనే దొంగ నకళ్లూ వచ్చాయి. దాంతో తోటి చెక్కుడు పనివాళ్లని కూడగట్టి పార్లమెంటులో పోరాడితే 1735లో చట్టం వచ్చింది: బొమ్మ మీద 14 ఏళ్లు దాన్ని వేసినవాడికే హక్కు. 1751లో సారా తాగి నాశనమైన వీధి బొమ్మని ఒక షిల్లింగుకి అమ్మాడు. కూలివాడికి షిల్లింగు కూడా ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ కొనలేనివాళ్లు దుకాణాల అద్దాల ముందు గుంపుగా నిలబడి చూసేవాళ్లు, కాఫీ హోటళ్ల గోడల మీద చూసేవాళ్లు. చూడ్డానికి కొనక్కర్లేదు కదా.

ఇక నీ రెండో ప్రశ్న, అచ్చు అంటే నకలే కదా అన్నది. దీనికి జపాన్ కంటే మంచి జవాబు లేదు. హొకుసాయ్ 1831 ప్రాంతంలో వేసిన పెద్ద అల బొమ్మ నువ్వు ఫోన్ కవర్ల మీద, టీషర్టుల మీద చూసే ఉంటావు. పెద్ద కెరటం, కింద పడవలు, దూరంగా చిన్న ఫుజీ కొండ. దాని "అసలు" ఎక్కడుంది అని వెతికితే దొరకదు. ఎందుకంటే చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసి ఇస్తే, చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి చెర్రీ చెక్క మీద అతికించి, గీతల వెంబడి కాగితంతో సహా చెక్కేస్తాడు. గీసిన బొమ్మ చెక్కడంలోనే పోతుంది. మిగిలేది అచ్చులే. అప్పుడు నకలు దేనికి నకలు? పైగా అది ఒక్కడి పని కాదు. డబ్బు పెట్టే ప్రచురణకర్త, గీసేవాడు, చెక్కేవాడు, రంగు వేసి అచ్చు తీసేవాడు, నలుగురు కలిస్తే ఒక బొమ్మ. అలాంటివి వేలల్లో తీసి, ఒక పూట తిండి ఖర్చుకి అటూ ఇటుగా అమ్మేవాళ్లు. ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియంలు ఆ ప్రతుల్నే అపురూపంగా దాచుకుంటున్నాయి.

హాలండ్‌లో రెంబ్రాంట్ దాదాపు 300 ఎచింగులు వేశాడు, ఎచింగ్ అంటే రాగిరేకు మీద మైనం లాంటి పూత పూసి, దాని మీద సూదితో గీసి, యాసిడ్‌తో గాడి తినిపించడం. ఆయన ఒకే రేకుని మళ్లీ మళ్లీ దిద్దేవాడు, ఒక్కోసారి సిరా పూర్తిగా తుడవకుండా వదిలి చీకటి తెప్పించేవాడు, కాగితం మార్చి చూసేవాడు. ఒకే రేకు నుంచి వచ్చిన రెండు ప్రతులు పక్కపక్కన పెడితే ఒకదాంట్లో పగలు, ఒకదాంట్లో సాయంత్రం అనిపిస్తుంది. దీన్ని జిరాక్స్‌తో ఒకే గాట కట్టడం అన్యాయం. మనసులో బొమ్మ పుట్టినప్పుడే అది అచ్చుగా పుడితే అది సొంత కళ. ఎవరో వేసిన రంగుల చిత్రాన్ని చూసి అచ్చుగా దించితే దాన్ని నకలు అనొచ్చు, అందులోనూ దించినవాడి చేతి పనితనం తక్కువేం కాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అచ్చు వేసినంత మాత్రాన జనానికి అందినట్టు కాదు. మన తెలుగు తీరం చెట్లనే తీసుకో. సామర్లకోటలో ఉండి పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద తెచ్చిన పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాల్లో, 300 బొమ్మలతో లండన్‌లో అచ్చయింది. మొక్కల తెలుగు పేర్లు కూడా అందులో ఇచ్చాడు. బొమ్మలు గీసింది ఇక్కడి చిత్రకారులు. వాళ్ల పేర్లు మాత్రం పుస్తకంలో లేవు, చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. చెక్కి, చేత్తో రంగులు వేసిన ఆ పెద్ద పుస్తకం ఇంగ్లండులో డబ్బున్నవాళ్ల అల్మారాల్లోకి పోయింది తప్ప, ఆ చెట్ల కింద బతికే మనవాళ్లు ఒక్క పేజీ చూసి ఎరగరు. థామస్ డేనియల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు, ఆయన సోదరుడి కొడుకు విలియం కలిసి మన దేశమంతా తిరిగి వేసిన 144 కట్టడాల, కొండల దృశ్యాలదీ అదే దారి. చవక కాగితం, చవక పద్ధతి, అమ్మే చోటు, కొనే జనం, ఇవన్నీ ఒకచోట కలిస్తేనే బొమ్మ జనంలోకి వస్తుంది.

చవక పద్ధతి రాయి రూపంలో వచ్చింది. 1796 ప్రాంతంలో బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటక రచయిత, తన నాటకాలు తక్కువ ఖర్చులో అచ్చు వేసుకునే దారి వెతుకుతూ లిథో, అంటే రాతి అచ్చు, కనిపెట్టాడు. ఇందులో చెక్కడమే లేదు. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో మామూలుగా బొమ్మ గీస్తారు. తుమ్మ బంకలో కాస్త యాసిడ్ కలిపి పూసి రాయిని సిద్ధం చేస్తారు. తర్వాత రాయి తడిపితే జిడ్డు లేని చోట నీళ్లు నిలుస్తాయి, జిడ్డున్న చోట నిలవవు. జిడ్డు సిరా రోలర్ దొర్లిస్తే సిరా గీత మీదే పడుతుంది, తడి ఉన్న చోట పట్టదు. అంతే. చిత్రకారుడు కాగితం మీద గీసినట్టే గీసుకోవచ్చు, మధ్యలో చెక్కేవాడి నెలల పని తప్పింది, ప్రతులు వేలల్లో వస్తాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలు మన మార్కాపురం పలక రాయి దీనికి పనికొస్తుందా అని అడుగుతారు. రాదు. దీనికి జిడ్డునీ నీటినీ సమంగా పీల్చుకునే మెత్తటి సున్నపురాయి దళసరిగా కావాలి, జర్మనీలో సోల్న్‌హోఫెన్ రాయి అందుకే అంత పేరు తెచ్చుకుంది. పలక రాయి పొరలుగా విడిపోతుంది, ప్రెస్సు నొక్కుడికి నిలవదు.

ఆ రాయి మన ఇళ్లలోకి దేవుళ్లని తెచ్చింది. 1878 నాటికే పుణెలో చిత్రశాల ప్రెస్సు, కలకత్తాలో ఆర్ట్ స్టూడియో దేవుడి బొమ్మలు లిథోలో వేస్తున్నాయి. రాజా రవివర్మ బరోడా, మైసూరు, తిరువాన్కూరు రాజులకి తైలవర్ణ చిత్రాలు వేసిన పెద్ద చిత్రకారుడు. అడిగినవాళ్లందరికీ ఒక్క చేత్తో గీసివ్వడం నీ వల్ల కాదు, కొన్ని మంచి చిత్రాలు యూరప్ పంపి ఓలియోగ్రాఫులుగా, అంటే తైలవర్ణ చిత్రాల్లా కనపడే రంగుల లిథో అచ్చులుగా, వేయించమని దివాను మాధవరావు ఆయనకి సలహా ఇచ్చాడు. రవివర్మ ఇంకో అడుగు వేసి, 1894లో బొంబాయిలో సొంత ప్రెస్సే పెట్టాడు, మిషన్లూ పనివాళ్లూ జర్మనీ నుంచి వచ్చారు. మొదట వేసింది శకుంతల పుట్టుక బొమ్మ. తర్వాత లక్ష్మి, సరస్వతి. ప్రెస్సు 1899లో లోనావాలా దగ్గర మళవలికి మారింది, అప్పుల బాధ పడలేక కొన్నాళ్లకి అక్కడే పనిచేసే జర్మన్ సాంకేతిక నిపుణుడు ష్లైషర్‌కి అమ్మేశారు. డబ్బు పరంగా రవివర్మకి అది నష్టమే. కానీ తెలుగు ఇళ్లలో లక్ష్మీదేవి అనగానే తామరపువ్వు, నాలుగు చేతులు, ఎర్రచీర, పక్కన ఏనుగు కళ్ల ముందుకొస్తాయంటే, ఆ ప్రెస్సు, దాన్ని చూసి నడిచిన ప్రెస్సులు చేసిన పనే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలనుంది. గుడి గడప తొక్కనివ్వని కులాలు మన ఊళ్లలో ఎన్ని ఉండేవో నీకు తెలుసు. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. చట్టం వచ్చిన మర్నాటి నుంచి అన్ని తలుపులూ తెరుచుకోలేదు కూడా. అలాంటి కాలంలో సంతలో కాసిని డబ్బులిచ్చి పటం కొనుక్కుని, ఇంట్లో మేకుకి తగిలించి, అగరొత్తి వెలిగించి, దేవుడి ముఖంలోకి సూటిగా చూడగలగడం అంటే ఏమిటో ఆలోచించు. మధ్యలో పూజారి లేడు, తెర లేదు, దూరంగా నిలబడు అనేవాడు లేడు. కళ అందుబాటులోకి రావడం అంటే నాకు మొదట గుర్తొచ్చేది మ్యూజియం కాదు, ఇది. దర్గాల దగ్గర అమ్మే మక్కా మదీనా పటాలు, క్రైస్తవుల ఇళ్లలో బాలయేసు పటాలు, నెల్లూరులో టీకొట్టు నుంచి నగల కొట్టు దాకా కనపడే గొలగమూడి వెంకయ్యస్వామి పటం, అన్నీ ఆ దారిలో వచ్చినవే.

పోగొట్టుకున్నదీ ఉంది. వెంకటగిరి పోలేరమ్మని జాతరకి ప్రతి ఏడూ మట్టితో కొత్తగా చేస్తారు, జాతర అయ్యాక ఆ రూపం ఉండదు. మళ్లీ ఏడు మళ్లీ చేతిలో పుట్టాల్సిందే. ఊరి దేవతలకి ఇలా ఎక్కడికక్కడ ఒక రూపం ఉండేది, కొన్ని చోట్ల వేపచెట్టు కింద పసుపు పూసిన రాయే. అచ్చు పటాలు వచ్చాక చాలా ఊళ్లలో ఆ అమ్మవార్లకీ క్యాలెండర్ లక్ష్మి ముఖమే వచ్చింది, అదే పట్టుచీర, అదే చిరునవ్వు. ఇది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

సరే, పటం సంగతి. ముందు బొమ్మ కింద అంచు చూడు. రవివర్మ ప్రెస్సు, కార్లా–లోనావాలా అని గానీ, పంచినవాడిగా బొంబాయి మోతీబజార్ అనంత శివాజీ దేశాయి పేరు గానీ ఇంగ్లీషులో సన్నగా ఉండొచ్చు. లేదంటే వెంటనే కాదనుకోకు, పటం కట్టేవాళ్లు ఫ్రేములో పట్టడానికి అంచు కత్తిరించేయడం మామూలే. అప్పుడు నమ్మాల్సింది భూతద్దాన్ని. వాచీలు బాగుచేసేవాళ్ల అద్దం తీసుకుని అమ్మవారి బుగ్గ మీద చూడు. వరసలు వరసలుగా, పువ్వు రేకుల్లా అమరిన ఒకే రకం చుక్కలు నాలుగు రంగుల్లో కనపడితే అది ఆఫ్‌సెట్, తర్వాత కాలంలో మళ్లీ వేసింది. అలా కాకుండా చుక్కలు చెదురుమదురుగా, చేత్తో పెట్టినట్టు, ఒక్కో రంగు ఒక్కో పరిమాణంలో ఉంటే అది రాతి అచ్చు. రాతి అచ్చులో ప్రతి రంగుకీ వేరే రాయి. లేత గులాబీకి ఒకటి, ముదురు ఎరుపుకి ఒకటి, నీడలకి ఇంకోటి, ఇలా బోలెడు రాళ్లు. కాగితం ప్రతి రాయి మీదికీ వెళ్లి సరిగ్గా అదే చోట కూర్చోవాలి. కాస్త జరిగితే ఎరుపు పెదవి దాటి బయటికొస్తుంది. చీర అంచు దగ్గర చూస్తే అలాంటి సన్నటి జరుగుడు నీకు దొరకొచ్చు. తైలవర్ణ చిత్రాన్ని చూసి ఏ రంగు ఏ రాయి మీద ఎంత పడాలో లెక్కగట్టి, చుక్క చుక్కగా రాళ్ల మీద పెట్టినవాళ్లు వేరే పనివాళ్లు. పేరు రవివర్మది, ఆ చుక్కలు వాళ్లవి. చీర మీద జరీ గుడ్డ, చమ్కీలు అంటించి ఉంటే పీకొద్దు, అప్పట్లో అలా అలంకరించుకోవడం ఆనవాయితీ, దాంతోనే దానికి అందం. పటం విప్పొద్దు కూడా. అద్దానికి అతుక్కుని ఉంటే రంగు ఊడి వస్తుంది. వెనక చెక్క పలకకి చెద, వెండిపురుగు పట్టకుండా చూసుకుని, ఎండ తగలని గోడకి మార్చండి. ఎవరో వచ్చి మంచి ధర ఇస్తామంటే తొందరపడి ఇచ్చేయకండి.

ఆ తర్వాతి కథ శివకాశిది. అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చినవాళ్లు పరిశ్రమ పెట్టారు, అగ్గిపెట్టెలకి లేబుళ్లు కావాలి, లేబుళ్ల కోసం లిథో ప్రెస్సులు వచ్చాయి, ఖాళీగా ఎందుకుండాలని క్యాలెండర్లు మొదలయ్యాయి. కోవిల్‌పట్టిలో ఉండి కొండయ్యరాజు, ఆయన శిష్యులు గీసిన దేవుళ్లు ఆ క్యాలెండర్ల మీదే దక్షిణాదంతా తిరిగారు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట కిరాణా కొట్టువాళ్లు కొత్త సంవత్సరానికి ఖాతాదారులకి ఊరికే ఇచ్చే క్యాలెండర్ బొమ్మని, ఏడాది అయ్యాక తేదీల అట్ట చించేసి పటం కట్టించుకునేవాళ్లు. డ్యూరర్ కాలంలో డబ్బు పెట్టేది వెయ్యి మంది, ఇక్కడ కొట్టు యజమాని పెట్టాడు, జనానికి ఖర్చే లేదు. చందమామ అట్ట మీది వడ్డాది పాపయ్య బొమ్మలు కత్తిరించి గోడకి అంటించుకున్న ఇళ్లు కూడా నాకు తెలుసు.

ఇదే పద్ధతిని దేవుళ్ల కోసం కాక మనుషుల బాధ చెప్పడానికి వాడినవాళ్లున్నారు. 1930లో నందలాల్ బోస్ కర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీజీని లినోకట్‌గా వేశాడు, నలుపు మీద తెల్లటి గీతలు, అంతే, దేశమంతా తెలిసిన బొమ్మ అయింది. 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు ఊళ్లు తిరిగి చూసింది గీసి పుస్తకం వేస్తే, బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులు పట్టుకుని తగలబెట్టింది. ఒక్క చిత్రమైతే తీసి దాచేస్తే పోయేది. ప్రతులు ఉన్నాయి కాబట్టే భయపడ్డారు.

మన తెలుగువాళ్ల మాట చెప్పకుండా వదల్లేను. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ దగ్గర చదివి, పారిస్‌లో హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపే స్టూడియోలో చేరాడు. ఒక రంగుకి ఒక రేకు అవసరం లేకుండా, ఒకే లోహపు రేకు మీద పల్చటి ఇంకు, చిక్కటి ఇంకు, మెత్తటి రోలర్, గట్టి రోలర్ వాడి అన్ని రంగులూ ఒకేసారి దించే పద్ధతిని వాళ్లు అక్కడ తయారుచేశారు. నూనె ఎక్కువున్న ఇంకు మీద తక్కువున్న ఇంకు పట్టదు, ఆ గుణాన్నే పనిలోకి తెచ్చారు. ప్రపంచంలో ప్రింట్‌మేకింగ్ నేర్చుకునేవాళ్లందరికీ తెలిసిన ఆ పేరు మన జిల్లాల్లో ఆర్ట్ చదివే పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో మేకలు, చెట్లు, పల్లె మనుషులు చూడు. అంత సన్నటి గీత రేకు మీద నిలబెట్టడం ఎంత కష్టమో పని తెలిసినవాళ్లకి అర్థమవుతుంది.

ఎగ్జిబిషన్లో ప్రింట్ కింద పెన్సిల్‌తో 5/25 అని రాసి ఉంటుంది, అంటే 25 ప్రతుల్లో ఇది ఐదోది. రేకు ఇంకా తీయగలిగినా కావాలని ఆపేస్తారు, ధర నిలబడడానికి. సూదితో నేరుగా రేకు మీదే గీసే డ్రైపాయింట్ లాంటి వాటిలో రేకు త్వరగా అరిగిపోతుంది కాబట్టి కొంత అవసరమే. కానీ లినోకట్‌కి, లిథోకి అలా గీత గీసి ఆపడం నాకు మనస్ఫూర్తిగా నచ్చదు. కళాకారుడు బతకాలి, ఒప్పుకుంటా. కనీసం ఒక బొమ్మైనా సంఖ్య వేయకుండా, విద్యార్థి కొనగలిగే ధరకి వదలమని నాకు తెలిసిన ప్రతి ప్రింట్‌మేకర్‌కీ చెబుతుంటాను.

ఇంత చదివాక నీకు చేసి చూడాలనిపిస్తే లినోతో మొదలుపెట్టు. లినో షీటు, కట్టర్ల సెట్టు, చిన్న రబ్బరు రోలర్ చాలు, ప్రెస్సు అక్కర్లేదు, కాగితం వెనక స్టీలు గరిటె అడుగుతో రుద్దితే అచ్చు దిగుతుంది. బొమ్మ తిరగబడి వస్తుంది కాబట్టి ట్రేసింగ్ కాగితం బోర్లించి షీటు మీదికి దించుకో, పేరు రాయాలంటే మరీ జాగ్రత్త. షీటు గట్టిగా ఉంటే మన ఎండలో ఐదు నిమిషాలు పెట్టు, వెన్నలా తెగుతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ కట్టర్ వెనకే ఉండాలి, ముందు పెట్టావంటే వేలు తెగుతుంది. ఇంకు గాజు పలక మీద పల్చగా పరిచి రోలర్ దొర్లిస్తూ చెవి పెట్టు. సన్నగా చిరచిరమంటే సరిపోయినట్టు, పచపచమంటే ఎక్కువైనట్టు, అప్పుడు కాస్త తీసేసి మళ్లీ దొర్లించు.